అన్నయ్య మానేసిన ఉప్పు, మీరు మానేసిన మాత్రలు

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. డిప్రెషన్ అని డాక్టరుగారు సెర్ట్రలిన్ 50 మిల్లీగ్రాముల మాత్ర రాసి రెండు నెలలైంది. ఏడుపు తగ్గింది. కానీ పొద్దున్నే మంచం దిగాలంటే ఇప్పటికీ కొండెక్కినట్టే ఉంటోంది. వారానికి రెండు మూడు రోజులు మాత్ర మర్చిపోతుంటాను. శనివారం స్నేహితులతో కాస్త వైన్ తాగితే, రెండూ కలవకూడదని ఆ రోజు మాత్ర వేసుకోను. రాత్రి ఒంటిగంట, రెండింటి దాకా ఫోన్ చూస్తూనే ఉంటాను. పగలు ఆరు కాఫీలు పడితే గానీ పని నడవదు. పోయినసారి డాక్టరుగారు 'మందుతో పాటు అలవాట్లు కూడా మార్చుకోండి' అన్నారు. ఏవి మార్చుకోవాలో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. మా ఆయన మంచివారే గానీ, నేను కాస్త గొంతు పెంచితే చాలు, 'ఇవాళ మాత్ర వేసుకున్నావా?' అంటారు. మా అన్నయ్య బైపోలార్ జబ్బుకు ఎనిమిదేళ్లుగా లిథియం, ఒలాంజపిన్ వాడుతున్నాడు. మూడు వారాల క్రితం సిగరెట్లు, కాఫీ, ఉప్పు ఒక్కసారే మానేసి, రోజూ గంటసేపు పరుగు మొదలుపెట్టాడు. చేతులు వణుకుతున్నాయని, పగలంతా మత్తుగా ఉంటోందని అంటున్నాడు గానీ, ఒంట్లో విషాలు బయటికి పోతుంటే అలాగే ఉంటుందట. 'మంచి అలవాట్లుంటే మందులు అక్కర్లేదు, నువ్వూ నాలాగే చెయ్యి' అని పోరుతున్నాడు. మందు బాగా పనిచెయ్యాలంటే ఏ అలవాట్లు కావాలి? నేనూ అన్నయ్య దారిలో వెళ్లొచ్చా?

– పేరు రాయవద్దన్న పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీరు అన్నయ్య సంగతి ఉత్తరం చివర్లో రాశారు. నేను మాత్రం దాంతోనే మొదలుపెట్టాలి. మీ ఉత్తరం చదవగానే మీకు విడిగా రాసిన మాటనే ఇక్కడ మళ్లీ రాస్తున్నాను, లిథియం వాడే ఇళ్లు ఇంకా ఉంటాయి కాబట్టి. అన్నయ్యను ఇవాళే డాక్టరుతో మాట్లాడించండి. తర్వాతి లిథియం మాత్ర వేసుకోవాలో వద్దో, అది వేసుకునే ముందే అడిగి తెలుసుకోవాలి. డాక్టరు దొరక్కపోతే ఆసుపత్రిలో అత్యవసర విభాగానికి తీసుకెళ్లి, 'ఈయన లిథియం వాడుతున్నారు, రక్తంలో ఎంత ఉందో చూడండి' అని చెప్పండి. అడుగులు తడబడుతున్నా, మాట ముద్దగా వస్తున్నా, వాంతులో విరేచనాలో పట్టుకున్నా, మనిషి అయోమయంగా ఉన్నా ఫోన్లు చేస్తూ కూర్చోకండి, నేరుగా తీసుకెళ్లండి.

ఆయన చేసినవన్నీ మంచి పనులే కదా, మరి ఎందుకింత కంగారు అంటారా? లిథియం విషయంలో మేలు చేసే మోతాదుకీ కీడు చేసే మోతాదుకీ మధ్య ఎడం చాలా తక్కువ. రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉంటే చాలామందికి జబ్బు అదుపులో ఉంటుంది. 1.5 దాటితే విషమే, ఏళ్ల తరబడి వాడుతున్నవారిలో అంతకన్నా ముందే లక్షణాలు కనిపించవచ్చు. పైగా మూత్రపిండాలు లిథియాన్నీ, ఉప్పులోని సోడియాన్నీ దాదాపు ఒకేలా చూస్తాయి. ఒంట్లో ఉప్పు తగ్గిందనుకోండి, సోడియాన్ని పోనివ్వకుండా పట్టుకుంటాయి. ఆ పట్టులో లిథియం కూడా ఇరుక్కుపోతుంది. గంటసేపు పరుగెత్తితే చెమటలో నీరూ ఉప్పూ పోతాయి, పట్టు ఇంకా బిగుస్తుంది. కాఫీ ఏమో ఇన్నేళ్లూ లిథియాన్ని కొంత మూత్రంలోకి తోసేస్తూ వచ్చింది. అది ఆగేసరికి ఆ కొంతా ఒంట్లోనే మిగిలింది. అదే మాత్ర, అదే లెక్క, కానీ రక్తంలో మందు పెరిగిపోయింది. చేతుల వణుక్కి కారణం ఇదేనేమోనని నా అనుమానం. పరుగెత్తి ఒళ్లు నొప్పులని ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు మింగుతున్నారేమో కూడా అడగండి. అవీ లిథియాన్ని పెంచుతాయి.

ఇక మత్తు. సిగరెట్ పొగలోని తారు పదార్థాలు కాలేయంలో ఒక ఎంజైమును రెచ్చగొడతాయి. ఒలాంజపిన్‌ను అరగదీసేది ప్రధానంగా ఆ ఎంజైమే. అందుకే పొగతాగేవాళ్ల రక్తంలో ఆ మందు తక్కువగా నిలుస్తుంది, డాక్టరు ఇచ్చిన మోతాదు వాళ్లకు ఆ లెక్కలోనే కుదురుతుంది. సిగరెట్ మానేసిన వారంలోపే ఎంజైము చల్లబడుతుంది, మందు పేరుకుంటుంది. ఇది నికోటిన్ చేసే పని కాదు, పొగ చేసే పని. కాబట్టి నికోటిన్ పట్టీ అంటించుకున్నా తేడా ఉండదు.

లేని గొంతులు వినిపించే స్కిజోఫ్రెనియా లాంటి జబ్బులకు ఇచ్చే క్లోజపిన్ వాడేవాళ్లలో ఇది ఇంకా తీవ్రంగా ఉంటుంది. నేను చూసిన ఒకాయన కాలు విరిగి మంచాన పడ్డాడు. సిగరెట్ తెచ్చిచ్చేవాళ్లు లేక పది రోజుల్లో పొగతాగడం పూర్తిగా ఆగిపోయింది. ఇంట్లోవాళ్లు సంతోషించారు. ఆయనేమో అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయి నిద్రలోకి జారుకునేవాడు, దిండు చొంగతో తడిసిపోయేది. నొప్పి మాత్రల మత్తనుకున్నారు. అసలు సంగతి తేలాక క్లోజపిన్ మోతాదు తగ్గిస్తే మనిషి తేరుకున్నాడు. సిగరెట్ మళ్లీ ముట్టలేదు, అది అసలైన సంతోషం.

మీ అన్నయ్యను కూడా సిగరెట్ మళ్లీ ముట్టించమని చెప్పను. ఎనిమిదేళ్ల మందుల మధ్య ఆ పని చేయగలిగాడంటే ఆయనకు దణ్ణం పెట్టాలి. చెప్పి చేస్తే సరిపోయేది. మీరు అడిగిన ప్రశ్నకు నా దగ్గరున్న అసలు జవాబు కూడా ఇదే. మన అలవాట్లు మందుకు పక్కన ఎక్కడో ఉండేవి కావు, మోతాదులోనే కలిసి ఉంటాయి. ఎంత నిద్రపోతాం, ఏం తాగుతాం, ఏ వేళకు తింటాం అన్నవాటి మీదే ఆ మాత్ర ఒంట్లో ఎంత నిలవాలో, ఏ పని చేయాలో చాలా వరకు తేలుతుంది. అలవాటును ఉన్నట్టుండి మార్చడమంటే, అది మంచి అలవాటైనా సరే, డాక్టరుకు చెప్పకుండా మోతాదు మార్చినట్టే.

ఇప్పుడు మీ సంగతి. మీకు అన్నయ్య కున్న ప్రమాదం లేదు. సెర్ట్రలిన్‌కు ఉప్పుతో, సిగరెట్టుతో అలాంటి తగాదా లేదు. మీ చిక్కు వేరే. మీరు రెండు నెలలుగా మందు వాడుతున్నానంటున్నారు గానీ, నా లెక్కలో అవి రెండు నెలలు కావు. సెర్ట్రలిన్ సుమారు 26 గంటల్లో ఒంట్లో సగానికి తగ్గుతుంది. రోజూ వేసుకుంటే రక్తంలో ఒక మట్టానికి వచ్చి నిలబడడానికి వారం పడుతుంది. ఆ మట్టం కదలకుండా 4 నుంచి 6 వారాలు ఉంటేనే మెదడులో మార్పు పూర్తిగా తెలుస్తుంది. మీరు మంగళవారం ఒకటి, గురువారం ఒకటి మర్చిపోయి, శనివారం కావాలని ఒకటి మానేస్తే, ఆ మట్టం నిలబడేదెప్పుడు? చిల్లు పూడ్చకుండా కుండ నింపడం లాంటిది. ఏడుపు తగ్గిందంటే ఆ మందు మీకు పడుతోందనే నాకు తోస్తోంది. దానికి సరైన అవకాశమే ఇంకా దొరకలేదు.

ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. దీర్ఘకాలిక జబ్బులకు రాసిన మందులను సరిగ్గా వాడేవాళ్లు సంపన్న దేశాల్లో కూడా సగటున సగం మందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో చెప్పింది. పైగా డిప్రెషన్ జ్ఞాపకశక్తిని కూడా దెబ్బతీస్తుంది. మర్చిపోవడం మీ నిర్లక్ష్యం కాదు, ఆ జబ్బు లక్షణమే. అందుకే గుర్తుపెట్టుకోవడం మీద ఆధారపడకండి. వారానికి ఏడు గదులుండే మాత్రల డబ్బా ఒకటి తెచ్చి టూత్‌బ్రష్ పక్కన పెట్టండి. ఆదివారం సాయంత్రం కూర్చుని నింపండి. ఆ తర్వాత ఇవాళ వేసుకున్నానా లేదా అని తల పట్టుకోనక్కర్లేదు. పళ్లు తోముకుంటూ చూస్తే గురువారం గదిలో మాత్ర కనిపిస్తోందా, వేసుకోలేదు. ఖాళీగా ఉందా, వేసుకున్నారు. పొద్దున మర్చిపోయి మధ్యాహ్నం గుర్తొస్తే అప్పుడే వేసుకోండి. మర్నాటి మాత్ర వేళ దగ్గరపడ్డాక గుర్తొస్తే వదిలేయండి. రెండూ కలిపి మింగొద్దు. సెర్ట్రలిన్ వల్ల నిద్ర చెడేవాళ్లు కొందరుంటారు, మీకు ఎలాగూ నిద్ర సరిగ్గా లేదు కాబట్టి పొద్దుటి వేళే మేలు. కడుపులో తిప్పితే తిండితో కలిపి వేసుకోండి.

తిండి మాట వచ్చింది కాబట్టి మిగతా పాఠకుల కోసం ఒక్క విషయం. మీ మందుకు తిండితో పెద్ద పట్టింపు లేదు. స్కిజోఫ్రెనియా, బైపోలార్ లాంటి జబ్బులకు ఇచ్చే మందుల్లో లురాసిడోన్‌ను మాత్రం కనీసం 350 క్యాలరీల తిండితో, జిప్రాసిడోన్‌ను కనీసం 500 క్యాలరీల భోజనంతో వేసుకోవాలి. ఖాళీ కడుపుతో వేసుకుంటే ఒంటికి పట్టేది దాదాపు సగమే. రాత్రి తిండి మానేసి ఆ మాత్రలు మింగుతూ 'మందు పనిచేయడం లేదు' అని బాధపడేవాళ్లను చూస్తే నాకు గుండె తరుక్కుపోతుంది, ఎందుకంటే వాళ్లకు ఆ ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు. మాత్ర కొనేటప్పుడు దేంతో, ఏ వేళకు వేసుకోవాలో అడిగి రాసుకోండి. నిదానంగా కరిగే రకం మాత్రలైతే విరవకూడదు, నూరకూడదు.

శనివారం సంగతి. వైన్ తాగే రోజున మాత్ర మానేయడంలో మీ జాగ్రత్త నాకు అర్థమైంది, కానీ లెక్క తప్పింది. ఒక్కరోజు మానేసినంత మాత్రాన నిన్నటి సెర్ట్రలిన్ ఒంట్లోంచి పోదు. అంటే రెండూ ఎలాగూ కలుస్తూనే ఉన్నాయి, అదనంగా మీ మట్టం కూడా పడిపోతోంది. ఈ రెండు మూడు నెలలు మద్యం పూర్తిగా మానేస్తేనే నాకు నచ్చుతుంది. మద్యం ఆ రాత్రికి హాయినిచ్చినా నిద్రను ముక్కలు చేస్తుంది, మర్నాడు దిగులునూ గుండెదడనూ పెంచుతుంది. మీ ఆదివారాలు మిగతా రోజులకన్నా బరువుగా ఉంటున్నాయేమో ఒకసారి గమనించండి. మానేయలేకపోతే ఆ మాట డాక్టరుకు దాచకుండా చెప్పండి, కానీ మాత్ర మాత్రం ఆపకండి. అల్ప్రాజోలమ్, క్లోనజెపామ్ లాంటి నిద్రమాత్రలు, ఆందోళన మాత్రలు వాడేవాళ్లకు మాత్రం ఇందులో వెసులుబాటు లేదు. వాటితో మద్యం కలిస్తే ఊపిరే మందగిస్తుంది, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

నిద్ర. ఉన్న సమయమంతా ఒకే మార్పు మీద పెట్టగలిగితే నేను దీని మీదే పెట్టమంటాను. రాత్రి రెండింటికి పడుకునే మనిషిని పదింటికి పడుకోమంటే చీకట్లో కళ్లు తెరుచుకుని రెండింటి దాకా దొర్లడమే అవుతుంది. పడుకునే వేళను వదిలేయండి, లేచే వేళను పట్టుకోండి. ఏడు గంటలంటే ఏడే, ముందు రాత్రి ఎంత చెడినా, సెలవు రోజైనా. లేవగానే కిటికీ తెర తీసి వెలుతురులో నిలబడండి, వీలైతే బయటికి వెళ్లండి. ఒంట్లోని గడియారం సమయం సరిచేసుకునేది కంటికి తగిలే ఆ పొద్దుటి వెలుగుతోనే. మొదటి నాలుగైదు రోజులు నరకంలా ఉంటుంది, నేను దాచను. ఆ తర్వాత రాత్రి నిద్ర దానంతటదే ముందుకు జరగడం మొదలవుతుంది. ఫోన్‌ను పడకగదికి అవతల ఛార్జింగ్ పెట్టండి. అలారం కోసమే దగ్గరుంచుకుంటున్నాను అంటారేమో, మామూలు గడియారం ఒకటి కొనుక్కోండి.

అన్నయ్యకైతే నిద్ర మందుతో సమానం. బైపోలార్ ఉన్నవాళ్లలో ఒకటి రెండు రాత్రుల జాగారమే ఉన్మాద దశను, అంటే మనసు అదుపు తప్పి ఉరకలెత్తే దశను, రాజేయగలదు. నిద్ర తగ్గినా అలసట తెలియకపోవడం తరచు ఆ దశ మొదలవుతోందనడానికి తొలి గుర్తు. ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాల్సిన విషయమిది.

మీ ఆరు కాఫీలు సెర్ట్రలిన్‌ను పెద్దగా ఏమీ చేయవు. మీ నిద్రనూ నరాలనూ చేస్తాయి. కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది, అంటే సాయంత్రం ఆరింటి కాఫీలో సగం రాత్రి పదకొండుకూ మీలోనే ఉంటుంది. ఒకేసారి మానేస్తే తలనొప్పి, విసుగు, నీరసం వస్తాయి, డిప్రెషన్ తిరగబెట్టిందేమోనని భయపడతారు. నాలుగు రోజులకో కప్పు చొప్పున, సాయంత్రం కప్పుతో మొదలుపెట్టి తగ్గించండి. పొద్దుటి రెండు కప్పులూ ఉంచుకోండి, వాటితో నాకు తగువు లేదు.

పరుగు విషయంలో అన్నయ్య మాటలో నిజం లేకపోలేదు. 1999లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. డిప్రెషన్ ఉన్న, 50 ఏళ్లు దాటిన 156 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు వ్యాయామం, ఒక జట్టుకు మీరు వాడే సెర్ట్రలినే, మూడో జట్టుకు రెండూ. వ్యాయామమంటే వారానికి మూడుసార్లు, దగ్గరుండి చేయించే అరగంట నడకో జాగింగో. 16 వారాల చివరికి మూడు జట్లూ దాదాపు ఒకేలా తేరుకున్నాయి. మందు వాడిన జట్టుకు గుణం త్వరగా కనిపించింది. అయితే రెండూ కలిపిన జట్టు మిగతావాళ్లను దాటిపోలేదు. నడిస్తే మాత్రకు రెట్టింపు బలం వస్తుందని నేను మీకు ఆశ పెట్టను. నడవమని ఎందుకంటున్నానంటే, మీకు మిగిలిపోయిన ఆ నీరసం మీద, ఆ చెడిన నిద్ర మీద నడక బాగా పనిచేస్తుంది. ఒలాంజపిన్, డిప్రెషన్‌కు ఇచ్చే మిర్టజపిన్ లాంటివి వాడేవాళ్లకు పెరిగే బరువును పట్టి ఉంచడానికీ అది కావాలి. బరువు పెరుగుతోందని చెప్పకుండా మందు ఆపేసేవాళ్లు ఎందరో. మొదటి వారం నుంచే నెలకోసారి బరువు చూసి రాసుకుంటే, పెరుగుదల రెండు కిలోల దగ్గరే డాక్టరు కంట్లో పడుతుంది.

కానీ మంచం దిగడమే కొండెక్కడంలా ఉన్నప్పుడు అరగంట నడక ఎలా? అరగంట వద్దు. బూట్లు వేసుకుని గుమ్మం దాటండి, అంతే. గుమ్మం దాటాక కాళ్లు నడిస్తే పది నిమిషాలు నడవండి, లేదంటే వెనక్కి వచ్చేయండి, ఆ రోజు పని అయినట్టే. మనసు కుదిరాక లేద్దామని ఎదురుచూడొద్దు. డిప్రెషన్‌లో ముందు ఒళ్లు కదలాలి, మనసు దాని వెనక మెల్లగా వస్తుంది. పొద్దున్నే వెలుగులో నడిస్తే నిద్ర పని, నడక పని రెండూ ఒకేసారి అయిపోతాయి.

తిండి గురించి క్లుప్తంగా చెప్తాను. 2017లో ఆస్ట్రేలియాలో 67 మందితో 12 వారాలు జరిగిన పరీక్షలో, కూరగాయలు, పళ్లు, పప్పుధాన్యాలు, చేపలు, గింజలు ఎక్కువగా ఉండే తిండికి మారినవాళ్లలో 32 శాతం మందికి డిప్రెషన్ లక్షణాలు దాదాపు పోయాయి. కేవలం కబుర్లతో తోడుండే సాయం అందినవాళ్లలో 8 శాతం మందికే అలా జరిగింది. చిన్న పరీక్ష, పైగా ఎవరు ఏ జట్టో వాళ్లకు తెలుసు, కాబట్టి ఆ అంకెల మీద నేను మరీ బరువు పెట్టను. వేళకు తినండి, ఆ తర్వాతి మెరుగులు మెల్లగా చూసుకోవచ్చు. మూలికే కదా అని, దిగులుకు వాడే సెయింట్ జాన్స్ వర్ట్‌ను మాత్రం సెర్ట్రలిన్‌తో కలపొద్దు. రెండూ కలిస్తే సెరటోనిన్ అనే మెదడు రసాయనం మితిమీరి జ్వరం, వణుకు, కండరాల బిగుతు, అయోమయం దాకా వెళ్లొచ్చు.

మీ ఆయనగారు ఈ కింది మాటలు చదవాలని నా కోరిక. అయ్యా, మీ భార్యకు కోపం వచ్చినప్పుడల్లా 'మాత్ర వేసుకున్నావా?' అంటే, ఆమె కోపానికి కారణమే ఉండదని, అంతా జబ్బేనని చెప్పినట్టు. అలా నాలుగుసార్లు విన్నాక ఆ మాత్రను చూస్తేనే ఒళ్లు మండుతుంది, మర్చిపోవడం ఇంకా సులువవుతుంది. లండన్‌లో సామాజిక శాస్త్రవేత్త జార్జ్ బ్రౌన్, ఆయన సహచరులు దశాబ్దాల క్రితమే చూపించారు, ఇంట్లో దెప్పిపొడుపులు, విసుగు, అతి కాపలా ఎక్కువైతే ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చినవాళ్లకు జబ్బు తిరగబెట్టడం ఎక్కువని. వాళ్లు మొదట చూసింది స్కిజోఫ్రెనియాలో, తర్వాత డిప్రెషన్‌లోనూ అదే కనిపించింది. మీకు నిజంగా ఆదుర్దా ఉంటే ఆదివారం సాయంత్రం ఆమెతో కూర్చుని ఆ డబ్బా నింపండి. కోపం వచ్చినప్పుడు 'ఏమైంది?' అని అడగండి.

అన్నయ్య దారిలో వెళ్లి మందు మానేయొచ్చా అన్న మీ చివరి ప్రశ్నకు జవాబు, ఇప్పుడు కాదు. పూర్తిగా బాగైందనిపించాక కూడా కనీసం ఆరు నెలలు అదే మోతాదు కొనసాగించాలి. ఆ తర్వాత డాక్టరుతో కలిసి, వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి. ఒక్కసారే ఆపితే కళ్లు తిరగడం, తలలో కరెంటు షాక్ కొట్టినట్టు ఝల్లుమనడం, చిరాకు రావచ్చు. బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడు వచ్చినా అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. ఆ రోజే ఇంట్లో చెప్పండి, ఆ రోజే డాక్టరును కలవండి.

నేను రాసినవన్నీ రేపే మొదలుపెట్టకండి. అన్నయ్య చేసిన పొరపాటు అదే. ఈ వారం డబ్బా ఒక్కటే. వచ్చే వారం ఏడింటికి లేవడం, తర్వాత సాయంత్రం కాఫీ. ఒక చిన్న నోటుపుస్తకంలో రోజుకు మూడు ముక్కలు రాయండి, మాత్ర వేసుకున్న వేళ, లేచిన వేళ, మనసుకు పదికి ఎన్ని మార్కులు అని. తర్వాతిసారి వెళ్లినప్పుడు ఆ పుస్తకం డాక్టరు బల్ల మీద పెట్టి, ఈ రెండు నెలల్లో ఎన్ని మాత్రలు తప్పాయో ఉన్నదున్నట్టు చెప్పండి. లేకపోతే మందు చాలడం లేదనుకుని ఆయన మోతాదు పెంచేస్తారు, అసలు మీరు ఇంకా పూర్తిగా వేసుకోనే లేదు.

అన్నయ్య రక్తపరీక్షలో లిథియం ఎంత వచ్చిందో రాయండి. ఇప్పుడు లక్షణాలున్నాయి కాబట్టి వేళ చూడకుండా వెంటనే తీస్తారు. మామూలు రోజుల్లో అయితే చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి, ఆ సంగతి కూడా ఆయనకు గుర్తుచేయండి. మీ జవాబు కోసం చూస్తుంటాను.